కంకుల బండి కాడ కాపిన డోలు

"రాజవ్వా, మొన్న పట్నం వోయి ఏందో ఇంగ్లీషు పాటలు చూసొచ్చినవట గదా?"

ఇంగ్లీషు గాదే పిల్లా. ఎవలు చెప్పిండ్రు, మా సుజాతేనా? కూసో. గా ఆకుల చాట జర పక్కకు జరుపు. నా చేతులు బీడీలు చుడుతుంటయి, నోరు మాట్లాడుతుంటది, రెంటికీ పంచాది లేదు.

సుజాత అంటే మా పెద్దబిడ్డ బిడ్డ, నీకెరికే గద. పట్నంల మైకుల పని చేస్తది. ఆడివిల్ల వైర్లు మోసుకుంట తిరుగుడేందని మొదాల నేనే ఒర్లిన. ఇగ అదే నన్ను తోలుకవోయింది. బాన్సువాడల పొద్దుగాల బస్సెక్కినం. ఆ పాటల టికెటు ఎంతనో చెప్పను, గా పైసలల్ల నా పెండ్లి భోజనాలే ఎల్లిపాయె అప్పట్ల.

పెద్ద మైదానం, స్టేజి, తీరుతీరు దేశాలోళ్లు. ఒకాయన బాకా ఊదుతుండు. జాజ్ అంటరట దాన్ని. పాట సక్కగనే వోతుంటది, నడుమల దారి ఇడిసి ఎటో వోతది, ఇగ రాదు అనుకునేసరికి మల్ల అచ్చి కలుస్తది. "అచ్చం నువ్వు ముచ్చట చెప్పినట్లే ఉన్నది అమ్మమ్మా" అని నవ్వింది సుజాత. క్యూబా అని ఇంకో దేశమట, గాడికెళ్లి ఒకామె రెండు నిలువు డోళ్లు వెట్టుకొని అరచేతులతోని వాయిస్తుంది. నాకంటె ఓ పదేండ్లు చిన్నదేమో గంతే, నడుము ఎట్ల ఊపుతుందనుకున్నవ్! ఇగ పడమటి ఆఫ్రికా ఆయన, ఎత్తు మనిషి, మేకతోలు డోలు కాళ్ల నడుమ వెట్టుకొని కూసున్నడు. ఒకలి భాష ఒకలికి రాదట. అందరు కలిసి ఒక్కటే పాట. ఎట్ల కలుస్తరో ఏమో, మా ఇంట్ల నలుగురు కోడండ్లు ఒక్క పొయ్యి కాడ కలువరు.

గీడ నీకొకటి చెప్పాలె. మా ఆయన డప్పు కొట్టేటోడు. గీ దిక్కు బీర్కూర్ దాంక, గా దిక్కు మద్నూర్ దాంక, పెండ్లంటే ఆయన్నే పిలిచేది. ఆయన వోయి ఇరవై ఏండ్లాయె... కాదు కాదు, ఇరవై రెండు. మొకం యాదికున్నది. దగ్గు సుత యాదికున్నది. డప్పు కొట్టుడే యాదికి రాదు బిడ్డా. ఏ పెండ్లిల డప్పు ఇన్నా, ఇది ఆయనది గాదు అని తెలుస్తది. మరి ఆయనది ఎట్లుంటుండె అంటే తెల్వది. ఫోన్ల పట్టిచ్చి వెట్టేటోళ్లు లేకపాయె. ఎవ్వలకు చెప్పలే గని, గదే నాకు పెద్ద ఫికర్. గంత మనిషి నా చెవులల్లకెళ్లి ఎట్ల వోయిండు?

ఏడున్న... ఆఁ, వాన. నడుమల చినుకులు వడ్డయి, పాట ఆపిండ్రు. తెరిపిచ్చినంక ఆ ఆఫ్రికాయన స్టేజి పక్కకు, మేం కూసున్న కాడికే అచ్చి, డోలు తాళ్లు గుంజుతుండు. కొడితే దబ్బు దబ్బు అంటుంది. తోలు సల్లవడ్డది. నాకు పాణం ఒప్పలే. చెప్పులు ఇడిసిన, వోయి డోలు వట్టుకున్న. అడుగుడు లేదు ఏం లేదు. "అమ్మమ్మా! గది వాళ్లది, ముట్టొద్దు!" అని సుజాత మొత్తుకుంటుంది. నేను ఇంటనా? గేటు కాడ మక్కకంకులు కాల్చే బండి ఉండె, గా బొగ్గుల దిక్కు చెయ్యి చూపిచ్చిన. ఆయన బొగ్గులను చూసిండు, నన్ను చూసిండు, ఇగ నవ్వుడే నవ్వుడు. వాళ్ల ఊర్ల సుత సెగకే కాపుతరట, తర్వాత సుజాత అడిగి చెప్పింది.

కంకులాయన పరేషాన్. ఇద్దరం చెరో దిక్కు వట్టుకొని, జానెడు ఎత్తుల, మెల్లగ తిప్పుకుంట కాపినం. మా ఆయన డప్పు నేనే కాపేదాన్ని, తెల్సా? తోటోళ్లు నవ్వుతుండిరి, ఆడిదాని కొలువా అని. ఆయన ఇంటుండెనా! సెగ మీదికెళ్లి తీసి, ఏలుతోని ఒక్క దెబ్బ ఏసి, నా మొకం చూసేటోడు. ఐందా అని. నేను తలకాయ ఊపితేనే మొదలువెట్టేది.

గీ ఆఫ్రికాయన సుత... ఏలుతోని ఒక్క దెబ్బ ఏసి నా మొకం చూసిండు బిడ్డా.

కాలేదన్న. మల్ల కాపినం. మల్ల ఏసిండు, మల్ల చూసిండు. గీసారి తోలు ఖంగుమన్నది. తలకాయ ఊపిన.

ఆయన ఉరికిండు స్టేజి మీదికి. వాళ్లు వాళ్ల పాట మొదలువెట్టిండ్రు. నాకు ఇనపడ్తలే. నా చెవులల్ల మా ఆయన మొదలువెట్టిండు. పెండ్లికొడుకు ఎదురుకోలు దెబ్బ, మొత్తానికి మొత్తం, నడుమల ఎడమ చేతి కట్టె జర ఆలస్యంగ పడ్తుండె, గది సుత. అయ్యో, గిదే గద, గిదే గద అనుకుంట కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సిన. సుజాత భయపడ్డది, దవాఖానకు వోదామా అని. మంచిగున్ననే, సప్పుడు చెయ్యకు, ఇననియ్యి అన్న.

ఎందుకేడుస్తున్నవ్ పిల్లా, నేను మంచిగనే ఉన్న గద? నీకు సుత సంబంధాలు చూస్తుండ్రని మీ అమ్మ చెప్పె. కొలువుంటదో, భూమి ఉంటదో, గదంత మీ నాయిన చూస్తడు తియ్యి. నేనైతే గిదే దీవిస్త... ఏం పని మొదలువెట్టినా, ఒక్కసారి నీ మొకం చూసి మొదలువెట్టేటోడు దొరకాలె బిడ్డా.