స్ట్రౌడ్ మేష్టారి ఐస్‌క్రీం గోడ

డార్లా ఊరి బడి బోర్డులో సభ్యురాలు. ఈ సాయంత్రం బోర్డులో ఓటు. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు బట్టీ పట్టించి, ప్రతి శుక్రవారం గడియారం నొక్కి నిమిషం పరీక్ష పెట్టే పాత పద్ధతి మళ్లీ తేవాలా, వద్దా? మిగతా సభ్యుల్లో సగం మంది అటు, సగం మంది ఇటు. తేల్చాల్సింది ఆమె ఒక్కతే. ఆమె కొడుకు వెండెల్ ఈ ఏడు మూడో తరగతే. గుణకారం ఇస్తే వాడు ఇప్పటి కొత్త పద్ధతిలో కాగితం నిండా గళ్లు గీసి, చుక్కలు పెట్టి, లెక్క తేలకుండానే నిద్రపోతాడు. వాణ్ని చూస్తే భయం, పాత పద్ధతిని తలుచుకుంటే అంతకన్నా భయం.

ఎటూ తేల్చుకోలేక, కాఫీ హోటల్లో రోజూ దర్బారు తీర్చే స్ట్రౌడ్ మేష్టారి ఎదుట వచ్చి కూచుంది. నలభై ఏళ్లు మూడో తరగతి చెప్పి దిగిపోయిన మనిషి. ఆమెకీ ఆయనే చెప్పాడు.

"పాత పద్ధతి పనిచేస్తుందా అనా అడుగుతున్నావు అమ్మాయ్? మా పిల్లలు నిమిషం పరీక్ష అర నిమిషంలో ముగించేవాళ్లు. అది మామూలు సంగతి, వదిలెయ్. ఒక ఏడు నా దగ్గర చదివిన పిల్లలున్నారు చూడూ, నేను గడియారం నొక్కకముందే పెన్సిళ్లు కింద పెట్టేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ప్రశ్నలు కూడా వాళ్లే రాసుకుని ఉంటారు," అన్నాడు పక్క బల్ల దగ్గర మొక్కజొన్న రైతు లైల్, దాల్చినచెక్క రొట్టె నములుతూ.

మేష్టారు ఆ మాట చెవిన పెట్టలేదు. "గోడ మీద ఒక్కొక్కరి పేరునా కాగితంతో చేసిన ఐస్‌క్రీం కోను అంటించేవాణ్ని, ఒక్కో ఎక్కం నెగ్గితే పైన ఒక్కో కాగితం ముద్ద. పన్నెండో ఎక్కం దగ్గర ఆగుతారనుకుంటే ఆగితేనా! ముద్దలు పైకప్పుకి తగిలాయి, చిల్లు పెట్టించాం, అందులోంచి పైకి పోయాయి. నూట నలభయ్యో ఎక్కం దగ్గర ఒమాహా నగరం పోయే విమానం పైలట్ ఫోన్ చేశాడు. మేష్టారూ, వెనిల్లా ముద్ద రెక్కకి తగుల్తోంది, పిల్లల్ని కాస్త నెమ్మదించమనండి అని బతిమాలాడు."

డార్లా నవ్వింది. ఆయన్ని నమ్మేయాలని ఆమెకి ఎంత ఉందో ఆమెకే తెలుసు. నమ్మితే ఓటు తేలిపోతుంది.

"ఒక్కరూ వెనకబడలేదా సార్?"

"నా గదిలోనా? పొట్టి కోను అన్నది నేను కంటితో చూడలేదు."

"చూశారు సార్. కిటికీ పక్కన ఉండేది. దాని మీద నా పేరే. వేసవి సెలవుల దాకా ఒక్క ముద్దే. శుక్రవారం వస్తే బడి నర్సు గదిలో కడుపు పట్టుకుని పడుకునేదాన్ని."

మేష్టారు గుర్తుపట్టాలని ఆమె ముఖంలోకి చూశాడు. ఆయనకి నిజంగానే గుర్తు లేదు, అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. ఉన్నట్టుండి ఆయన వేలు ఆమె వైపు లేచింది.

"ఏడెనిమిదులు?"

"యాభయ్యారు." ఊపిరి తీసుకోకముందే నోట్లోంచి వచ్చేసింది.

మేష్టారి ముఖం వెలిగిపోయింది. "మరి? పనిచేసిందా, లేదా?"

"చేసింది సార్," అంది డార్లా, కడుపు మీద చెయ్యి నొక్కుకుంటూ. "ఇదిగో, నొప్పి కూడా వచ్చేసింది."