బేరింగ్ నిండుకుంది

కాదు సార్, శాపం పెట్టుడేంది? మోటార్ బేరింగ్ ఒడిసింది, ఇంక పోతది అని చెప్పిన, అంతే. ఉన్న మాట చెప్తే శాపం పెట్టినట్టా?

చాయ్ వద్దు. ప్రెస్సుకాడికి పోతే మీరు నారాయణగూడల హోటల్ల ఉన్నరన్నరు. చిక్కడపల్లి నుంచి ఆటో పట్టుకొని వచ్చిన. జర కూసొని వినుండ్రి చాలు.

నా పనేంది సార్? మీరే మా ఆఫీసుకు చెప్పి పెట్టుకున్నరు గదా నన్ను. మోటార్ మీద సెన్సర్ బిళ్ల అంటిస్త, ఎంత వణుకుతుందో చూస్త. తీగెకు క్లాంపు వేసి కరెంటు ఎట్ల గుంజుతుందో చూస్త. రెండూ చూసి ఏది పోతదో ముందే చెప్పాలె. చెడు చెప్పుడే నా ఉద్యోగం. మంచి మాటలే కావాలంటే పంతులు గారిని పిలుచుకోవాలె, నన్నెందుకు?

ఆ రోజు మీరేమన్నరు? "దీపాలు పెట్టే యాళ్ల ఒడిసింది, పోతది అంటవేందమ్మా, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అన్నరు. మా ఇంట్ల కూడ గంతే. బియ్యం డబ్బా ఖాళీ అయితే మా అమ్మ నిండుకున్నయ్ అంటది, దీపం ఆరితే కొండెక్కింది అంటది. పెద్దమనిషి, గిరాకీ టైము, మనసు కష్టపెట్టుడెందుకని నేను కూడ మీ తీరుగనే అన్న. "సార్, బేరింగ్ నిండుకుంది, జల్ది మార్చాలె" అని. "గట్ల చెప్పు" అని నవ్విన్రు మీరు.

మరి జైపాల్‌కు ఏం చెప్పిన్రు?

గుర్తు లేదా. నేను చెప్త. మీ మెషీన్ నడిపే ఆ జైపాల్‌నే ఇప్పుడు అడిగొచ్చిన. "నవనీత మేడం చూసిందంట, బేరింగ్ నిండుకుందంట" అని ఫోన్ల చెప్పి పెట్టేసిన్రంట. మార్చాలె అన్న ముక్క మీ నోట్లనే ఉండిపోయింది. ఆయన హాస్టళ్లల్ల పెరిగినోడు, బియ్యం నిండుకునుడు ఏందో ఆయనకేం ఎరుక? నిండుకుంది అంటే గ్రీజు నిండ ఉంది అనుకున్నడు. మంచిగుందని స్పీడు పెంచిండు. తిట్టబోతే నన్నే అడుగుతున్నడు, "మీరే గద మేడం నిండుకుంది అన్నది?" అని. ఏం చెప్పాలె సార్? తలకాయ ఎక్కడ కొట్టుకోవాలె?

నవ్వకుండ్రి. నవ్వే మాట కాదిది.

ఇయ్యాల బిళ్ల పెడితే వణుకు మొన్నటి కన్న ఎన్నో రెట్లు ఉంది. కరెంటు అంకె నిలబడ్తలేదు, పైకి పోతుంది, కిందికొస్తుంది. మోటార్ చెయ్యి పెట్టనిస్తలేదు, అంత కాలుతుంది.

చప్పుడు రాలేదంటరు. మీ నాయన చెవి పెట్టి విని చెప్పేటోడు, సరే, కాదంటలేను. కానీ మీకు చప్పుడు వినబడెటప్పటికి బేరింగ్ల గుండ్లు పగిలి ఉంటయ్. అప్పుడు చెప్పనీకి నేనెందుకు? గల్లీల పోయేటోడు ఎవ్వడైనా చెప్తడు.

లోయర్ ట్యాంక్ బండ్ కాడ ఒక ఐసు ఫ్యాక్టరీల ఇట్లనే ముందే చెప్పి మార్పించిన. ఆ సేటు ఏమన్నడో ఎరుకనా? "ఏం కాలే గదమ్మా, ఉత్తగనే మార్పించినవ్" అన్నడు. ఏం కావొద్దనే గద సార్ మార్పించింది. పోతే నా నోరు మంచిది కాదంటరు, పోకపోతే నాకు పని రాదంటరు. ఏ దిక్కు పోవాలె నేను?

ఎరుక సార్, నాకు తెల్వదా? ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డది. అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లలు గైడు కోసం షాపుల చుట్టు తిరుగుతున్నరు. పక్క ప్రెస్సోడు ముందే తెస్తే మీది ఎవ్వడూ చూడడు. ఒప్పుకుంట. బేరింగ్ మార్చనీకి సగం పూట చాలు. మోటారే కాలితే మళ్ల వైండింగ్ చేపిచ్చి ఎప్పుడు తెస్తరో మీరే చెప్పుండ్రి.

సరే, అది కూడ పోనీ. మోటార్ మీది, గైడు మీది, కాలబెట్టుకోండ్రి, నాకేం? హనుమమ్మ సంగతి చెప్పుండ్రి.

ఏ హనుమమ్మ అంటరేంది సార్? పాలమూరు నుంచి వచ్చింది, మీ తాన అచ్చయిన ఫారాలు మడత పెడ్తది. ప్రెస్సుల జాగ లేక మోటార్ పక్కనే కూసుంటది, వీపు బెల్టు దిక్కు పెట్టి. ఆ బెల్టుకు అడ్డంగ ఇనుప జాలీ ఉండాలె. మాటిమాటికి అడ్డమొస్తుందని మీరే తీపిచ్చిన్రు. బేరింగ్ పట్టేస్తే బెల్టు తెగుతది. తెగి ఎవరి మీదికి వస్తది?

అగో, మళ్ల గదే. గసొంటి మాటలు అనొద్దంట. అనకుంటే తెగకుంట ఆగుతదా సార్? లేచి అవతల కూసో అమ్మా అన్న. "సారు చెప్పకుంట లేస్తే రేపు పనికి రానియ్యరు బిడ్డా" అన్నది. నాకు ఏడుపొచ్చింది, నిజంగ. జైపాల్‌ను మెషీన్ ఆపమన్న. సారు చెప్తేనే అన్నడు. అందరూ మంచోళ్లే, ఒక్కరూ చెయ్యి కదపరు.

రేపు చూద్దామా? ఇంత చెప్పినంక కూడ రేపేనా?

మంచిది. ఇంక చెప్పనీకి ఒక్కటే ఉంది. మిమ్మల్ని అడగనీకి వచ్చిననుకుంటున్నరు. అడగనీకి రాలే సార్. మెషీన్ ఆపే వచ్చిన. ప్యానెల్ల ఫ్యూజులు గుంజి ఈ బ్యాగుల ఏసుకున్న.

అరవకుండ్రి, అందరు చూస్తున్నరు. అవును, మెషీన్ మీది, నాకు హక్కు లేదు. మా ఆఫీసుకు చెప్పుండ్రి, తీసేస్తే తీసేస్తరు. సరే ఆపు అని మీ నోటి నుంచి వస్తదేమో అని ఇంతసేపు చూసిన. వస్తే ఈ సంగతి చెప్పకపోతుండె, ఆపింది మీరే అయితుండె. రాలే.

కొత్త బేరింగ్ తెప్పియ్యుండ్రి, ఫ్యూజులు ఇస్త. అప్పటిదాక హనుమమ్మ గాడనే కూసొని మడతలు పెట్టుకోనియ్యుండ్రి.