పుంగనూరు బీరువా తలుపు

హలో… ఆ, స్వర్ణనే మాట్లాడేది, మదనపల్లె నుంచి… ఎవురు, పుంగనూరు శారదమ్మా? సెప్పండమ్మా. పోయిన వారం మీ ఇంట్లో పాత బీరువా కొనుక్కున్న దాన్నే…

బాగుండాదమ్మా. మా ఆయన కొత్త ఇనప బీరువా కొందామని ఒకటే పోరు. నేనే వద్దన్నా. గుర్రంకొండలో ఉయ్యాల బల్ల దొరికింది, తంబళ్లపల్లెలో రాగి అండా దొరికింది. నలుగురు వాడిన సామానైతే బాడుగ ఇల్లు గూడా మన ఇల్లు మాదిరి ఉంటుందని…

ఏమి?… తలుపు లోపలా?… మెల్లగా సెప్పండి, అంత ఆయాసం యాల…

ఓ, మీ మామ రాసిపెట్టినాడా. మీ కొడుకు నవీన్ పుట్టిన టయం… తేదీ తెలుసు, టయమే తేలడం లేదు… కుప్పం నుంచి పిల్ల రూపను గూడా తోడుకోని వాళ్లోళ్లు వచ్చి మీ నట్టింట్లో కూర్చోనుండారా? ఇప్పుడా?… స్వామి పంచాంగం తెరిచి పెట్టుకోనుండాడు, సరే… మీరు తెల్లారి అయిదంటాండారు, మీ ఆయన గోవిందప్పేమో కాదంటాండాడు… అయిదుకైతే జాతకాలు కలవవన్నాడా స్వామి?… ఇది మూడో సంబంధమా. అయ్యో.

ఉండండమ్మా… ముద్దుకృష్ణా, ఆపప్పా. ఆ ఉప్పు కాగితం కింద పెట్టు. ఎడమ తలుపు అయిపోయిందా? కుడిది?…

లైన్లోనే ఉండానమ్మా. వడ్రంగి పాలిష్‌కని రుద్దతాండాడు. ఒక తలుపు అయిపోయింది… ఏడవొద్దండి. రెండోదాని లోపల పేపరు అతికించుండాది… మీరే అతికించినారా? అతికించి, మరిచిపోయి, అమ్మేసినారా… సరేలే, ఎవురికైనా అవుతుంది. తడిపి తీస్తాండా… వస్తాండాది…

ఉండాదమ్మా. మేకుతో గీసుండాడు. సదవతా, ఇనండి. ‘ఎర్రావు ఈనింది. కోడెదూడ. తెల్లారి అయిదు’… ఆగండి, దాని కింద ఇంకో వరస ఉండాది. ‘అదే దినం మనవడు. పగలు పదకొండుంపావు.’

శారదమ్మా?… మళ్లీ సదవమంటారా? పదకొండుంపావమ్మా.

మీరు సెప్పే అయిదు గంటలు దూడదమ్మా… నొప్పుల్లో ఉన్నోళ్లకు టయం ఏం తెలుస్తుంది, ఎవురో దూడ సంగతి సెప్పుంటారు… నేను నవ్వడం లేదు. కొంచెం నవ్వినాలే… అంటే ముందొచ్చిన ఇద్దరికీ దూడ జాతకమే సూపించినారా… మీ గోవిందప్ప నవ్వు ఈడికి వినిపిస్తాండాది.

స్వామికి సెప్పండి, పదకొండుంపావని. నేను పెట్టెయ్యను…

ఏమన్నాడు?… ఇంకా వేళ్లు లెక్కబెడతాండాడా…

కలిసిందా?… అబ్బ, మంచి మాట సెప్పినారమ్మా. పిల్ల ఏమంటాండాది, రూప?… ఆ దూడ ఇంకా ఉండాదా అని అడిగిందా. బాగుండాది, మీ ఇంటికి నవ్వే పిల్ల వస్తాండాది.

బీరువా వెనక్కా?… ఇయ్యనమ్మా. ఎంతిచ్చినా ఇయ్యను, ఏమనుకోవద్దండి. ఫోటో తీసి పంపిస్తా. ఆ తలుపును ఎవురినీ ముట్టనియ్యను, పాలిష్ లేకపోయినా పర్లేదు…

నిజం సెప్తాండా, ఆ రెండు వరసల కింద జానెడు జాగా ఉండాది. నాకిప్పుడు ఏడో నెలమ్మా. మీ మామ అది నా కోసమే వదిలిపెట్టినట్టుండాది. బిడ్డ పుట్టినాక నేను గూడా మేకుతో ఆడనే రాసుకుంటా…

మా ఇంట్లో ఆవులు లేవులేమ్మా, తప్పు పడే భయం లేదు. ఉంటా.