ఆడపేరు లేని రిజిస్టరు

2006. రేపల్లె స్టేషన్ రోడ్డులో ఒక నెట్ సెంటర్. ఇంటర్నెట్ ఎవరెవరు వాడుతున్నారో లెక్క రాసుకోవడానికి తెనాలి నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి, సెంటర్ యజమాని ఎదురుగా కూర్చుని రిజిస్టరు తిరగేస్తోంది.

“ఈ నెల మూడొందల పేర్లున్నాయి బాబాయ్ గారూ. ఒక్క ఆడపేరూ లేదేంటండి? ఇక్కడ ఆడవాళ్ళు నెట్ చూడరా?”

“ఎందుకు చూడరమ్మా! మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూడు, కుర్చీలన్నీ వాళ్ళవే.”

“మరి ఇందులో లేరేంటండి?”

“ఇదుగో, ఈ మస్తాన్‌వలీ. ప్రతి శుక్రవారం ఉంటాడు, చూడు.”

“ఉన్నాడండి. నలభై ఏళ్ళు.”

“ఆయన కువైట్‌లో ఉంటాడు. వచ్చేది ఆయన భార్య. ఆయన పేరు రాసి, ఆయనతోనే మాట్లాడి వెళ్తుంది.”

“తన పేరు రాసుకుంటే ఏమవుతుందండి?”

“ఈ పుస్తకం అందరి ముందూ ఉంటుంది కదమ్మా. ఒకమ్మాయి పేరూ నంబరూ చూసి ఎవడో ఇంటికి ఫోన్లు చేశాడు. అప్పట్నుంచి అందరూ ఇంట్లో మగాళ్ళ పేర్లే రాస్తున్నారు.”

“ఇలాగైతే నా ఫారంలో ఆడవాళ్ళు సున్నా అని రాయాలండి. కనీసం చదువుకున్నవాళ్ళైనా ధైర్యంగా రాయొద్దూ?”

“పొద్దున రైలు దిగి వచ్చి, నువ్వు మెయిల్ చూసుకున్నావు కదా?”

“చూసుకున్నానండి.”

“ఆ కిటికీ పక్క సీటు. పుస్తకంలో దానికెదురుగా ఏం పేరుందో చదువు.”

“...మురళీధర్. మగ. ఇరవై నాలుగు.”

“ఎవరమ్మా ఆయన?”

“మా అన్నయ్యండి.”