బుల్లియ్య ఈదిన గోదారి

కొవ్వూరు రేవు దగ్గర శాంతికుమార్ టీ బడ్డీ ముందు బుల్లియ్య ఆ పొద్దున కుతకుతలాడిపోతున్నాడు. చేతిలో టీ చల్లారుతున్నా తాగడం లేదు. కార్తీక మాసం స్నానాలకి రేవులో కాపలా ఉండే గజ ఈతగాళ్ళని నిన్ననే ఈత పరీక్ష పెట్టి ఎంపిక చేశారు, అందులో తను లేడు. ఆరెంజి జాకెట్టు తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని మెట్ల మీద నిలబడాలని వేసవి నుంచీ కలలుగన్న మనిషికి కడుపు మండదా మరి.

"ఎవర్ని తీసుకున్నారో తెలుసాండి? స్విమ్మింగ్ పూల్లో నేర్చుకున్న కుర్రాళ్ళని. అడుగు కనబడే నీళ్ళలో ఈదడం కూడా ఓ ఈతేనా? నేను రోజూ పొద్దున్నే గేదెల్తో ఏటి మధ్య లంకకి ఈదుకెళ్ళి, సాయంత్రం ఈదుకొస్తాను. ఈ రేవంతా చూస్తోందా లేదా?"

చూస్తోందని శాంతికుమార్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండాల్సింది.

"లంకంటే నాకు గుమ్మం దాటినట్టేనండి. ఓసారి వరదలో లంకకని దిగి రాజమండ్రిలో తేలాను. వంతెన మీద రైలూ, కింద నేనూ ఒకేసారి బయల్దేరాం. నేను గట్టెక్కి తల తుడుచుకుంటుంటే అప్పుడొచ్చింది రైలు, కూతేసుకుంటూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిరిగొద్దామని దిగితే వరద లాగేసింది. ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తేసున్నాయి, జర్రున జారిపోయాను, కళ్ళు తెరిచేసరికి నోట్లో ఉప్పు. సముద్రం. ఓడవాళ్ళు తాడు విసిరితే వద్దన్నానండి, గోదారోణ్ణి, నాకు తాడేంటి? వెనక్కి తిరిగి ఏటికి ఎదురీదుతుంటే పక్కనే ఓ పులస, అదీ ఎదురీదుతోంది. బ్యారేజీ దగ్గరకొచ్చేసరికి పాపం దానికి ఆయాసమొచ్చేసింది. చంకలో పెట్టుకుని గట్టెక్కించి, అవతల నీళ్ళలో వదిలాను."

"వండుకోలేదాండి?" అన్నాడు శాంతికుమార్ ఆశగా.

"కలిసి ఈదినదాన్ని తింటామేంటండి?" బుల్లియ్యకి నిజంగానే ఒళ్ళు మండింది. "అలాంటి నన్ను పట్టుకుని, గట్టు మీద కుర్చీలో కూర్చున్న ఆఫీసరు ఫెయిలంటాడా?"

బడ్డీకి పాలు పోయడానికొచ్చిన వీరవేణి అంతా విని క్యాను కింద పెట్టింది. బుల్లియ్య లంకకి తోలుకెళ్ళేది ఆవిడ గేదెల్నే.

"అది సరే బాబాయ్, నిన్న పరీక్షకెళ్తూ మా పెద్ద గేదెని ఎందుకు తోలుకెళ్ళావు? నిన్నట్నుంచీ అది బెదిరిపోయి పాలివ్వట్లేదు."

"తోడుంటుందనమ్మా."

"తోక పట్టుకుందామని కాదూ? రోజూ ఈదేది అది, వెనకాల వేలాడేది నువ్వు. నిన్న ఆఫీసరు తోక వదలమన్నాడట, వదిలావట. నిన్ను బయటికి లాగింది ఆ స్విమ్మింగ్ పూల్ కుర్రాళ్ళేనట కదా."

బడ్డీ దగ్గర అందరూ నవ్వారు. బుల్లియ్య మాత్రం తల దించుకోలేదు. టీ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టి లేచాడు.

"అదే కదమ్మా పొద్దుట్నుంచీ నేను మొత్తుకునేది. గేదె లేకుండా గోదారి ఈదమనడం ఎక్కడి న్యాయం?"