అత్తగారి కొప్పులో జటామాంసి

అలా పెదవులు బిగించకండి అత్తయ్యా. ఇందాకటి నుంచి మీ ఒంటికి బోళమూ అగరూ కలిపి రుద్దుతున్నాను. మొహంలో మాత్రం అదే చిరాకు. ప్రాణం పోయి పూట కూడా కాలేదు, అప్పుడే నా పనిలో వంక కనిపించిందా?

ఏం చెయ్యను మరి? పూతలేమీ లేకుండా సమాధికి పంపితే యెరూషలేములో ఆడవాళ్ళు ఊరుకుంటారా? అయినా ఈ ఇంటి ఆడదాని ఒంటికి పరిమళం తగిలేది ఈ ఒక్క రోజే. అదీ పోయాక.

దేవాలయానికి ధూపం తయారుచేసే ఇల్లట. మనం ఘుమఘుమలాడుతూ వీధిలోకి వెళితే, దేవుడి ధూపం కాజేసి రాసుకున్నారంటారట. నా పెళ్ళి మాటల్లో మొదటి షరతు అదే కదా. నేనేమో యెరికో సుగంధపు తోటల్లో పుట్టినదాన్ని. అక్కడ మేకలు కూడా కమ్మగా వాసనేస్తాయి. అలాంటిదాన్ని పెళ్ళినాడు కూడా ఉత్త నీళ్ళతో కడిగి కూర్చోబెట్టారు.

పద్దెనిమిదేళ్ళు! విశ్రాంతి దినం వచ్చిందంటే గడపలో నిలబెట్టి, నా మెడ దగ్గర ముక్కు పెట్టి, “ఊఁ, వెళ్ళు” అనేవారు. ఏడాదికి యాభై వేసుకున్నా తొమ్మిది వందల సార్లు. పిండి పులిసిందో లేదో కూడా అన్నిసార్లు చూసి ఉండరు మీరు.

సరే, తలగుడ్డ విప్పుతున్నాను. జుట్టొక్కటే మిగిలింది. కాస్త తల ఎత్తండి... లేదులెండి, నేనే ఎత్తుతాను.

ఇదేమిటి అత్తయ్యా, కొప్పులో?

వేలెడంత రాతి బుడ్డి. సగం ఖాళీ. జుట్టంతా... అమ్మో, జటామాంసి! ఓడల మీద వచ్చే అసలు సరుకు.

మీరూనా?

ఇన్నేళ్ళూ నాకెందుకు తెలియలేదంటారా? ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ మీ ముక్కు నా మెడ దగ్గరే గాని, నా ముక్కుని మీ దరిదాపులకి ఎప్పుడైనా రానిచ్చారా?

ఉండండి, మీ అమ్మాయి మిల్కా పిలుస్తోంది. నారబట్ట తేనా వదినా అంటోంది. కాసేపు ఆగమన్నాను. తెర అవతల దానితోపాటు యాజకుడి భార్య కూడా కూర్చుంది. ఆవిడ ముక్కు సంగతి మీకు నేను చెప్పాలా? ఒంటికంతా బోళం, జుట్టు దగ్గర జటామాంసి. ఇట్టే పట్టేస్తుంది. సాయంత్రానికి ఊరంతా మీ పేరు. మీ అబ్బాయికి రేపట్నుంచి ధూపం పని ఉండదు.

నిజం చెప్పమంటారా? ఒక్క క్షణం తెర లాగేసి అందరికీ చూపిద్దామనిపించింది. తొమ్మిది వందల సార్లు ఊరికే పోతాయా?

నీళ్ళతో కడిగితే పోయే వాసన కాదిది. అందుకని బుడ్డిలో మిగిలింది కూడా ఈ బోళం గిన్నెలోనే వంపేశాను. ఇదిగో, మళ్ళీ నుదుటి నుంచి అరికాళ్ళ దాకా రుద్దుతున్నాను. ఇప్పుడు మీ జుట్టూ మీ మోకాలూ ఒకటే వాసన. ఎవరైనా అడిగితే, మా అత్తయ్యకి ఆ మాత్రం చెయ్యొద్దా అంటాను. మెచ్చుకుంటారు కూడా, చూడండి. పూత బుడ్డి పగలగొట్టి పక్కన పెట్టడం వాడుకే కాబట్టి, దీన్నీ పగలగొట్టి మీ పక్కనే పెడతాను. మీ గుట్టు మీతోనే వస్తుంది.

తెర తీసేలోగా నాదీ ఒకటి చెప్పేస్తాను. మా అమ్మ పంపే ఎండు అంజూరపు పళ్ళ ముద్దలు మీకు భలే ఇష్టం కదా? అందులో ఒకదాని కడుపులో ఎప్పుడూ ఒక బుడ్డి ఉండేది. మెడకెందుకు పూసుకుంటాను, మీరు చూసేదే అక్కడయితే? మడమలకి పూసుకునేదాన్ని, చెప్పు పట్టీ కింద. ప్రతి విశ్రాంతి దినమూ.

ఒకరికొకరం చెప్పుకుని, నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వవలసిన మాట ఇది. ఇప్పుడు చెప్పండి, ఎవరితో నవ్వను?