డబ్బు ముట్టినట్టు

చిన్న దావాలు వినే కోర్టు. మూడో నంబరు గది బయట, బెంచీ మీద భార్యాభర్తలు.

“ఇంటికి పోదాం పద.”

“ఇప్పుడే కదండీ వచ్చాం. మన ముందు ఇంకా రెండు కేసులున్నాయి.”

“అందుకే అంటున్నా. పిలవకముందే పోతే ఎవరికీ తెలీదు.”

“పిలిచినప్పుడు లేకపోతే కేసు కొట్టేస్తారు. ఏడు నెలలు తిరిగి తిరిగి గుమ్మం దాకా వచ్చాక పోదామంటారేంటి?”

“కొట్టేస్తే కొట్టేయనీ. ప్రాణం పోతుందా?”

“మెల్లగా మాట్లాడండి. నాకు మాత్రం భయం లేదనుకుంటున్నారా? కాన్పుల గదిలో పదహారేళ్ళుగా ఆయాని, ఎంత రక్తం చూసినా చెయ్యి వణకదు. ఈ తలుపు దాటాలంటే మాత్రం భయం.”

“మరింకేం. ఇద్దరికీ భయమే. లే.”

“కూర్చోండి.”

“ఆ బంట్రోతు కోటు చూశావా? ఎడం భుజం రెండు వేళ్ళు కిందకి జారింది. ఎవడు కుట్టాడో గానీ...”

“ఇక్కడ కూడా మీ దర్జీ పనేనా. ఈ కాగితాలు ఒకసారి పట్టుకోండి, వరస చూసుకోవాలి.”

“నాకివ్వకు. చేతులు చెమట.”

“సరే, నేనే పట్టుకుంటా. మీరు వినండి, తప్పు చెప్తే ఆపండి. ఆసుపత్రిలో కాంట్రాక్టరు మారాడు, నా జీతం మూడు నెలలు రాలేదు. ఆ మూడు నెలల్లో బ్యాంకువాళ్ళు నాకు చెప్పకుండా జీతం ఖాతాని మామూలు ఖాతా చేసేశారు. ఖాతాలో ఇంత తగ్గకుండా ఉంచాలని ఒక్క ముక్క చెప్పలేదు. తగ్గిందని కట్ చేశారు. కట్ చేసినందుకు ఇంకా తగ్గింది. దానికి మళ్ళీ కట్ చేశారు.”

“తెలుసులేవే.”

“పాప కాలేజీ ఫీజు చెక్కు వెనక్కొచ్చింది. దానికీ కట్ చేశారు. పరీక్ష రోజు పాపని హాలు బయట నిలబెట్టారు. అది చెప్పాలా వద్దా?”

“ఏది?”

“పాప నిలబడ్డ సంగతి.”

“చెప్పకు. ఏడుస్తావు.”

“ఏడవను. మొత్తం పన్నెండు వేల చిల్లర. బ్రాంచిలో ఫిర్యాదు ఇచ్చా, జవాబు లేదు. హెడ్డాఫీసుకి రాశా, ‘అంతా నిబంధనల ప్రకారమే’ అని ఒక్క ముక్క వచ్చింది. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే పెద్దాఫీసు ఉంటే దానికీ రాశా. వాళ్ళే ఇక్కడ కేసు వేసుకోమన్నారు, లాయరు అక్కర్లేదన్నారు. అది ఈ కాగితం... ఏంటండీ అటు చూస్తున్నారు?”

“ఎటూ లేదు.”

“మెట్ల దగ్గర ఎవరది? మన బ్రాంచి మేనేజరు కదూ.”

“చూడకు.”

“ఆయనా రావాలి కదా మరి. మీరెందుకు మొహం తిప్పుకుంటున్నారు? అదుగో, నమస్కారం పెడుతున్నాడు. మీకే.”

“నాకు కాదు.”

“మీకే. నేను కౌంటరు ముందు గంటలు గంటలు నిలబడితే తల ఎత్తనివాడు మీకు నమస్కారం పెట్టడమేంటి?”

“మంచినీళ్ళు తెచ్చావా?”

“ఏవండీ.”

“తెస్తే ఇవ్వు.”

“ముందు చెప్పండి. ఆయన మిమ్మల్ని ఎక్కడ కలిశాడు?”

“షాపుకొచ్చాడు.”

“ఎప్పుడు?”

“సోమవారం. నువ్వు డ్యూటీలో ఉన్నావు.”

“నాలుగు రోజులైంది. ఎందుకొచ్చాడు?”

“ప్యాంటు పొడవు తగ్గించమన్నాడు.”

“నిజంగానా?”

“నిజంగానే. మొదట అదే అడిగాడు. నేను కింద కూర్చుని కాలి దగ్గర గుర్తు పెడుతున్నా. అప్పుడు పైనుంచి మొదలెట్టాడు.”

“ఏమని?”

“మెషిన్ల లోను గురించి. ‘రెండు మెషిన్లకీ అప్పు మాదేగా, మొత్తం ఒక్కసారే కట్టమంటే ఏం చేస్తారు’ అన్నాడు. ‘మీ ఆవిడ కోర్టుకెక్కితే పైవాళ్ళు మీ ఫైలు బయటికి తీస్తారు’ అన్నాడు. నా నోట్లో గుండుసూదులున్నాయి. జవాబు చెప్పడానికి లేదు.”

“తర్వాత?”

“తర్వాతేముంది.”

“తర్వాత ఏం జరిగిందండీ?”

“కాగితం తీశాడు.”

“ఏం కాగితం? సంతకం పెట్టారా? ఇటు చూడండి. పెట్టారా?”

“ఖాతా ఇద్దరి పేరు మీదుంది, ఎవరో ఒకరు పెడితే చాలన్నాడు.”

“అందులో ఏం రాసుంది?”

“పూర్తిగా చదవలేదు.”

“చదివినంత చెప్పండి.”

“కట్ చేసిన డబ్బంతా మాకు ముట్టింది, ఇంక ఏ తగువూ లేదు అని.”

“ముట్టిందా?”

“ఎక్కడ ముట్టింది. చిల్లిగవ్వ ఇవ్వలేదు.”

“ప్యాంటు కూలి?”

“అదీ ఇవ్వలేదు. నేనడగలేదు.”

“అంటే ఇప్పుడు నేను లోపలికెళ్ళి డబ్బు రాలేదంటే, మీ సంతకం చూపించి నన్ను అబద్ధాలకోరు అంటారు.”

“అందుకే పోదామంటున్నా.”

“కోర్టులో అబద్ధం చెప్తే జైల్లో వేస్తారా?”

“ఏమో. వేస్తారేమో.”

“కేసున్న ఆయాని ఆసుపత్రిలో ఉంచుతారా? ఉంచరు. నాతో ముందే ఎందుకు చెప్పలేదండీ?”

“రోజూ డ్యూటీ నుంచొచ్చి ఆ కాగితాలు సర్దుకుంటూ కూర్చుంటావు. నీ మొహం చూస్తే నోరు రాలేదు. లే, వెనక వైపు ఇంకో మెట్ల దారుంది. వచ్చేటప్పుడే చూసుకున్నా.”

“దారి కూడా చూసుకున్నారా.”

“చూసుకున్నా. భయమే నాకు, కాదన్నానా? మెషిన్లు పోతే నేనేం చెయ్యను? ఈ వయసులో ఇంకొకడి షాపులో గుండీలు కుట్టనా?”

“నంబరు ఇరవై ఏడు. ఇరవై ఏడు వాళ్ళు రండి.”

“బంట్రోతు పిలుస్తున్నాడు. ముందు రెండూ అప్పుడే అయిపోయాయి. మనదే.”

“పలక్కు. పలక్కుండా కూర్చో.”

“ఇరవై ఏడు. ఉన్నారా, లేరా?”

“ఉన్నామండీ.”

“ఎందుకు పలికావే?”

“ఏమో. నోట్లోంచి వచ్చేసింది.”

గది లోపల. బల్ల వెనక ఒక మహిళా జడ్జి. ఇటువైపు ఈ ఇద్దరు, అటువైపు మేనేజరు.

“ఆయాగా పనిచేసేది మీరేనా? గట్టిగా చెప్పండమ్మా, వినపడట్లేదు.”

“నేనేనమ్మా.”

“బ్యాంకు తరఫున?”

“నేను మేడమ్, బ్రాంచి మేనేజర్ని. అసలు ఈ కేసు నడవాల్సిన అవసరమే లేదు మేడమ్. వీళ్ళకి డబ్బంతా ముట్టింది. ఇదిగో రసీదు, భర్తగారి సంతకంతో.”

“ఏమ్మా, డబ్బు ముట్టాక కూడా ఇక్కడికెందుకొచ్చారు?”

“నాకు... నాకు అమ్మా...”

“సరే, కాసేపాగి చెప్పండి. వెనక నిలబడ్డాయనా, మిమ్మల్నే. ఈ సంతకం మీదేనా?”

“నాదేనమ్మా.”

“డబ్బు తీసుకున్నారా? అడిగినదానికి చెప్పండి.”

“చెప్తే మెషిన్లు పట్టుకుపోతారమ్మా.”

“ఏం మెషిన్లు?”

“కుట్టు మెషిన్లు. రెండున్నాయి.”

“మేడమ్, ఆయన కంగారులో ఏదో మాట్లాడుతున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు.”

“మీరాగండి మేనేజరుగారూ. ఆయన చెప్పనీండి. భయపడకుండా చెప్పండి.”

“భయపడకుండా చెప్పడం నాకు రాదమ్మా. భయపడుతూనే చెప్తా. డబ్బు తీసుకోలేదు. ఈయన షాపుకొచ్చి, కేసు నడిస్తే లోను మొత్తం ఒక్కసారే కట్టాల్సొస్తుందన్నారు. సంతకం పెట్టేశాను. నా భార్యకి ఇందాకటి దాకా తెలీదు, బయట బెంచీ మీద చెప్పా. తప్పు నాది. ఆమెనేమీ అనకండమ్మా.”

“లోను కిస్తీలు కడుతున్నారా?”

“ఒక్కటీ తప్పలేదమ్మా.”

“తప్పనివాణ్ణి మొత్తం ఒక్కసారి కట్టమనొచ్చని ఎక్కడ రాసుంది మేనేజరుగారూ?”

“నేనలా అనలేదు మేడమ్. ఊరికే గుర్తుచేశానంతే.”

“షాపుకెళ్ళిన మాట నిజమేనా?”

“ప్యాంటు పనుండి వెళ్ళాను మేడమ్.”

“ప్యాంటు పనికి రసీదు రాసి పట్టుకెళ్ళారా? పోనీ, డబ్బు ఎప్పుడిచ్చారు? చేతికిచ్చారా, ఖాతాలో వేశారా?”

“ఖాతాలో వేస్తారు మేడమ్. పైనుంచి అనుమతి రావాలి.”

“వేస్తారా, వేశారా?”

“వేస్తారు.”

“అమ్మా, నేనొక్కమాట చెప్పొచ్చా?”

“చెప్పండి.”

“నిన్న సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ దిగాక పాస్‌బుక్కులో ప్రింటు వేయించాను. పైనుంచి కింద దాకా మూడుసార్లు చూశా, ఏమీ పడలేదు. పైగా మొన్న బుధవారం ఇంకోసారి కట్ చేశారు. చూడండి.”

“ఇటివ్వండి. మేనేజరుగారూ, ఖాతా రకం మారుస్తున్నట్టు ఈమెకి ముందుగా చెప్పిన కాగితం ఏదైనా ఉందా?”

“కంప్యూటరు నుంచి మెసేజి వెళ్తుంది మేడమ్.”

“వెళ్ళినట్టు చూపించండి.”

“ఇప్పుడు నా దగ్గర లేదు మేడమ్.”

“ఆఫీసులో ఉందా?”

“లేదు మేడమ్.”

“సరే. అందరూ వినండి. ఈమె దగ్గర కట్ చేసిందంతా, కోర్టు ఫీజుతో సహా, పది రోజుల్లో ఖాతాలో పడాలి. మెషిన్ల లోను పేరుతో వీళ్ళ జోలికి పోకూడదని కూడా రాస్తున్నా. అమ్మా, అర్థమైందా?”

“అంటే... మమ్మల్ని ఏమీ చెయ్యరా అమ్మా?”

“మిమ్మల్నెందుకు చేస్తారు? మీ డబ్బు మీకొస్తుంది. ఉత్తర్వు కాపీ బయట తీసుకోండి.”

“పదవే, పద. ఆవిడ మనసు మారకముందే పోదాం.”

“ఉండండి, కాగితాలు సర్దుకోనీండి. మీ చెయ్యి ఇవ్వండి.”

“మేనేజరుగారూ, మీరెక్కడికి? ఈ రసీదు సంగతి తేలలేదు. ఇవ్వని డబ్బు ఇచ్చినట్టు రాయించాలన్న ఆలోచన మీదా?”

“చెప్తే నా ఉద్యోగం పోతుంది మేడమ్.”

“చెప్పకపోతే ఇది మీ ఒక్కరి పనే అవుతుంది. కూర్చుంటారా? చొక్కా తడిసిపోయింది.”

“వద్దు మేడమ్. నెలాఖరుకల్లా నా బ్రాంచి మీద ఒక్క ఫిర్యాదు కూడా మిగలకూడదని పైనుంచి ఫోనొచ్చింది. ఎలా చేస్తావో నీ ఇష్టం అన్నారు. నాకూ ఇద్దరు పిల్లలు మేడమ్.”

“ఫోనెవరు చేశారో రాసిస్తారా?”

“రాసిస్తాను.”

“మీరు రాయించిన రసీదు ఇదొక్కటేనా? ఆ చేతిసంచి వెనక్కి దాస్తున్నారేం? ఇదొక్కటేనా?”

“ఇంకా ముప్ఫై ఒకటి ఉన్నాయి మేడమ్. ఇక్కణ్ణుంచి హెడ్డాఫీసుకి తీసుకెళ్ళాలి. అన్నీ ఈ సంచిలోనే ఉన్నాయి, తీసుకోండి.”